పిన్ని నోరు కట్టుకుంది

ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు, అయినా ఆ కేంద్రంలో అందరికీ పిన్నే. కాళ్లూ చేతులూ చెప్పిన మాట వినని వాళ్లని ఇంట్లోవాళ్లు పనులకి వెళ్తూ పొద్దున్నే అక్కడ దింపిపోతారు. మధ్యాహ్నం వాళ్లకి అన్నం తినిపించడం పిన్ని ఉద్యోగం.

చెయ్యి బంగారం. నోటి సంగతే చెప్పలేం. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా ఒప్పుకుంటుంది. దానికి తోడు ఇంకో అలవాటు. చెంచా అవతలివాళ్ల పెదాల దగ్గరికి చేరగానే ఆవిడ నోరు కూడా ‘ఆ’ అని బారెడు తెరుచుకునేది. ఈ సంగతి ఆవిడకి తప్ప ఆ గదిలో అందరికీ తెలుసు. ముసిముసిగా నవ్వుకున్నారే గానీ ఎవరూ చెప్పలేదు.

అందరిలోకీ ఆవిడకి కొరకరాని కొయ్య దొర. ముప్పై దాటినవాడు. పుట్టినప్పటి నుంచీ ఒళ్లు స్వాధీనంలో లేదు, మాట లేదు. బుర్ర మాత్రం పాదరసం. కళ్లు పైకెత్తితే ఔను, మూస్తే కాదు. అన్నీ కూర్చున్నచోటికే రావాలి కాబట్టి వాళ్లక్క సరదాగా దొర అని పిలిచింది, అదే స్థిరపడిపోయింది.

దొరకి తిండంటే ప్రాణం. అయినా నాలుగు చెంచాలు దిగేసరికి నవ్వు, నవ్వగానే పొలమారడం, ఊపిరాడక కళ్లమ్మట నీళ్లు. పిన్ని తల మీద తట్టి, “ఎవర్రా నిన్నంతగా తలుచుకుంటోంది? పెళ్లికూతురా?” అనేది. దాంతో ఇంకా నవ్వొచ్చేది. చివరికి భయపడి పెదాలు బిగించేసేవాడు. మనిషి చిక్కి సగమయ్యాడు.

“ఇలాగే బరువు తగ్గిపోతుంటే ఇక నోటి ద్వారా పెట్టొద్దు. పొట్టలోకి గొట్టం వెయ్యాల్సిందే” అంది డాక్టరమ్మ.

“వాడికున్న సరదా తిండొక్కటేనండీ” అని అక్క ఏడ్చింది.

పిన్ని పంతం పట్టింది. తప్పంతా వంట మీదికి నెట్టి, వంటావిడని తప్పించి తనే పొయ్యి దగ్గర చేరింది. గుడ్డు మెత్తగా మెదిపింది, పప్పు చిక్కగా ఉడికించింది, గుమ్మడికాయని వెన్నలా చేసింది. దొరని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, శ్రద్ధగా ‘ఆ’ అంది. దొరకి మళ్లీ పొలమారింది.

ఇంతలో పిన్నికి పన్ను పీకాల్సి వచ్చింది. పళ్ల డాక్టరు దూది కుక్కి, సాయంత్రం దాకా నోరు తెరవొద్దన్నాడు. ఆ మాట చెప్పి నెగ్గిన మొదటి మనిషి ఆయనే. కట్టుకున్నవాడి వల్ల కూడా కాలేదు.

ఆ మధ్యాహ్నం పిన్ని మూతి బిగించుకుని చెంచా పట్టింది. మాట్లాడ్డానికి లేదు కాబట్టి దొర మొహమే చూస్తూ కూర్చుంది. మింగేదాకా ఆగింది. వాడు కళ్లెత్తాకే ఇంకో చెంచా ఇచ్చింది. గిన్నె ఖాళీ అయింది.

ఆ వింత చూద్దామని మర్నాడు అక్క కుట్టుమిషను ఆపేసి వచ్చి ఎదురుగా నిలబడింది. పిన్ని నోట్లో దూది లేదు. మొదటి చెంచాకే దొర నవ్వాడు, పొలమారింది.

“పిన్నీ! నీ నోరు చూసుకున్నావా?” అంది అక్క.

పిన్ని తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అర్థమయ్యాక చెంచా గిన్నెలో పడేసింది.

“అంటే వీణ్ని గొట్టం దాకా తెచ్చింది నేనేనా?” గిన్నె పక్కకి జరిపింది. “రేపట్నుంచి వంటావిడ చేత పెట్టించండమ్మా. ఆవిడది మూగనోము.”

“ఏరా, వంటావిడ పెడితే తింటావా?” అని అక్క దొరని అడిగింది.

దొర కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“మరి పిన్నేనా?”

గుడ్లు తేలేసినంతగా కళ్లు పైకెత్తాడు.

“నా నోరు నా మాట వినదే, ఏం చెయ్యను?” అని పిన్ని తల పట్టుకుంది. కేంద్రానికి వచ్చేవాళ్ల కాళ్లూ చేతుల గురించి రోజూ తను అనే మాటే అది.

మర్నాటి నుంచి పిన్ని మాస్కు కట్టుకుని తినిపించడం మొదలుపెట్టింది. లోపల నోరు తెరుస్తుందో మూస్తుందో ఆవిడకే తెలియాలి. దొర బరువు నెమ్మదిగా పెరిగింది. డాక్టరమ్మ మళ్లీ గొట్టం మాట ఎత్తలేదు.

రోజూ గిన్నె ఖాళీ అయ్యాక, వాడి నోట్లో మెతుకైనా మిగల్లేదని పిన్ని చూసుకుంటుంది. దొర మాత్రం ఆవిడ మాస్కు వంకే చూస్తూ కాచుకుని ఉంటాడు. ఆవిడ మాస్కు కిందికి లాగి, అప్పటిదాకా ఆపుకున్న వీధి వార్తలన్నీ ఒక్కసారి విప్పుతుంది. వాడు కడుపుబ్బ నవ్వుతాడు. పిన్ని ఆపదు, ఇప్పుడు ఎంత నవ్వినా పొలమారదు.