హవల్దారు గంగులయ్య హాజరు

హవల్దారు గంగులయ్యకు ఉన్న పిచ్చి ఒక్కటే, హాజరు వేయడం. నలుగురు మనుషులు ఒకచోట కనిపిస్తే వరసలో నిలబెట్టి పేర్లు పిలవాల్సిందే. లేకపోతే ఆయనకు ఆ పూట ముద్ద దిగదు.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఎడమ చెవి పోగొట్టుకుని, పటాలం నుంచి రిటైరై, వాకాడు అవతల సముద్రం పక్కనున్న సొంతూరికి చేరినాడు. నెల్లూరు ఆస్పత్రిలో కంటి ఆపరేషన్ చేస్తే, కళ్లకు కట్టుతోనే వార్డంతా హాజరు తీసుకున్నాడు.

“ఆరో మంచం!”

“డిశ్చార్జ్ అయినాడు తాతా,” అంది నర్సు.

“నన్ను అడక్కుండానా?”

మనవరాలు ప్రత్యూష పెళ్లిచూపులకు వచ్చినవాళ్లనూ వదల్లేదు. పెళ్లికొడుకు మేనత్త “హాజరు” అనడానికి బదులు “ఆఁ” అన్నందుకు ఆమెతో మూడుసార్లు చెప్పించినాడు. ఆ సంబంధం మళ్లీ ఆ ఊరి దారి పట్టలేదు. ప్రత్యూష ఊరి బళ్లో టీచరుగానే ఉండిపోయింది.

ఇంతవరకూ నవ్వుకునే సంగతే. నవ్వు ఆగిపోయేది పొద్దు గూకే వేళ.

ఆ వేళకు ఇంటి ముందు ఇసకలో ఊరి హాజరు జరిగేది.

“కామాక్షయ్యా!”

“హాజర్ సాబ్!”

“హజరత్తయ్యా!”

“హాజర్! బర్రె పాలకు అరస్తా ఉంది, తొందరగా కానీ మామా.”

చిట్టచివరి పేరు దగ్గర అందరూ తలలు వంచుకునేవాళ్లు. రాజ్ కుమార్. పదకొండేళ్ల కింద చేపల వేటకు పోయి, తుపాను గాలికి చిక్కి తిరిగి రానివాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు.

“రాజ్ కుమార్!”

గంగులయ్య కుడిచెవిని సరుగుడు తోపు వైపు తిప్పేవాడు. తోపులో గాలి హోరు. ఆ హోరు లోపలినుంచి, బొంగురుగా, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు ఒక గొంతు.

“హాజర్.”

“ఆలస్యం. రేపు ముందుగా రావాల,” అనేవాడు గంగులయ్య.

ప్రత్యూషకు ప్రతిరోజూ వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి.

“ఎవరు తాతా పలికేది?”

“పేరు పిలిచినాను, పలికినారు. అనుమానమేంది? ఆ తోపులోకి మాత్రం ఎవరూ పోకూడదు. డ్యూటీలో ఉండే మనిషిని కదిలించకూడదు.”

ఆ మాట చెప్పక్కర్లేదు. పగలైనా ఆ తోపులో కాలుపెట్టే ధైర్యం ఊళ్లో ఎవరికుంది?

మొన్న కార్తీకంలో గంగులయ్య మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయినాడు. నాలుగో రోజు సాయంత్రం ప్రత్యూష, కామాక్షయ్య ఆయన గురించే చెప్పుకుంటూ అరుగు మీద కూర్చునుండారు. పిలిచేవాళ్లు లేరు. అయినా తోపులోంచి వినపడింది.

“హాజర్.”

కామాక్షయ్య చేతిలో టీ గ్లాసు జారిపడింది.

“హాజర్…”

మూడోసారి గొంతులో జీర వచ్చింది. పైగా అది తోపులోంచి కాదు, ఇంకా అవతలినుంచి, సముద్రం దగ్గరినుంచి వచ్చింది. ఆ జీర వినేసరికి ప్రత్యూషకు భయం కంటే దిగులు ఎక్కువైంది. లేచి పరిగెత్తింది.

చెట్లు దాటేసరికి, తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, అలల్లోకి నడుస్తున్న ఆకారం. ఆకారం ఒక పక్కకు తిరిగింది. రాజ్ కుమార్ తల్లి వెంకటశేషమ్మ! కొడుకు పోయినప్పటినుంచి ఎవరితోనూ పలకని మనిషి. ఆమె గొంతు ఎట్టుంటుందో ఊరే మర్చిపోయింది.

“అవ్వా!” మోకాటిలోతు నీళ్లలో ప్రత్యూష ఆమె చెయ్యి పట్టుకుంది.

“వదులు పాపా. పిలిచే ఆయన పోయినాడు. ఇంక నాకు డ్యూటీ లేదు.”

“ఏం డ్యూటీ అవ్వా?”

“వాడు పోయిన ఏడు గూడా ఇట్టనే నీళ్లలోకి పోతా ఉంటే మీ తాత అడ్డం వచ్చినాడు. ‘నీ కొడుకు పేరు నా లిస్టులో ఉంది. వాడు వచ్చిందాకా వాడి బదులు నువ్వు పలకాల. ఒక్కపూట తప్పినా ఊరుకోను’ అన్నాడు. నలుగురిలోకి రాలేనంటే తోపులోంచే పలకమన్నాడు. నా బిడ్డ పేరు ఎత్తేవాళ్లే లేని ఊళ్లో, రోజూ ఆయన నోట వినేదాన్ని. ఆ ఒక్క మాట పలకడానికే కూడు వండుకుని తినేదాన్ని.”

ప్రత్యూష ముసలామెను ఒడ్డుకు లాక్కొచ్చి, ఎదురుగా నిటారుగా నిలబడి పిలిచింది.

“రాజ్ కుమార్!”

వెంకటశేషమ్మ కొంగు పిండుకుంటూ చూసింది.

“ఆ గొంతేంది పాపా, కోడిపిల్ల మాదిరి? రేపు ఇంటికాడ్నుంచి పిలిస్తే తోపుకు ఎట్ట వినపడతాది?”

ప్రత్యూష కళ్లు తుడుచుకుని, గుండెనిండా గాలి పీల్చి అరిచింది. “రాజ్ కుమార్!”

“హాజర్!” అంది వెంకటశేషమ్మ.

వెనక చెట్ల చాటునుంచి కామాక్షయ్య వణుక్కుంటా బయటికొచ్చినాడు.

“ఇన్నాళ్లూ పలికింది నువ్వా అత్తా? ఈ తోపుకు భయపడి, పొలానికి రెండు మైళ్లు చుట్టు తిరిగి పోతుండాను కదే, పదకొండేళ్లుగా!”

వెంకటశేషమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. పెదవి మీద కొంగు అడ్డం పెట్టుకుంది గానీ, నవ్వు ఆగలేదు.