నేను పెట్టని సంతకం

మల్దకల్‌లో మా డ్రిప్పు పైపులు అమ్మే డీలరు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంతకుముందు ఎప్పుడు వెళ్ళినా తల ఊపి ఊరుకునే మనిషి. చాయ్ తెప్పించి, గొంతు తగ్గించి అన్నాడు.

"మంచి పని చేసిన్రు మేడం. కలిసి ఉంటెనే మంచిగుంటది."

"ఎవరు కలిసిన్రు?"

"అదే, సారూ మీరూ. మెయిల్ల చూస్తున్న గద. మళ్ళ పాత పేరే పెట్టుకున్నరు."

నాకేమీ అర్థం కాలేదు. ఆయన ఫోన్ తీసి నేను పంపిన మెయిలు చూపించాడు. పైన ఉన్నవి నా మాటలే. ఫిల్టర్ల లోడు గద్వాల్ గోదాముకు చేరిందనీ, ఎవరికెన్ని కావాలో చెప్పమనీ. కింద ఒక నీలం గీత, కంపెనీ గుర్తు, ఉద్యోగంలో చేరిన రోజుల నాటి నా ఫోటో. పక్కన నా పేరు. దానికి ముందు, కోర్టు మెట్లు ఎక్కి దిగి వదిలించుకున్న ఇంటిపేరు.

నేను ఆ పేరు పెట్టలేదు. నా మెయిళ్ళ కింద పెళ్ళికి ముందు నాకున్న పేరు, నా ఫోన్ నంబరు, అంతే రాసేదాన్ని. విడాకులయ్యాక నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల్‌కు బదిలీ అడిగి వచ్చినప్పుడు, మా అమ్మ "ఇంగ ఆ పేరు మనింట్ల ఇనపడొద్దు" అంది. నేనూ అలాగే అనుకున్నాను. బ్యాంకులో మార్చుకున్నాను, ఆధార్‌లో మార్చుకున్నాను. కంపెనీకి తీర్పు కాపీ ఇస్తే జీతం చీటీ మీద కూడా మారింది. ఆ పని అయిపోయిందనే అనుకున్నాను.

ఆఫీసుకు తిరిగొచ్చి, పంపిన మెయిళ్ళన్నీ తెరిచి చూశాను. ఒక్కదాని కింద కూడా ఆ పేరు లేదు. నా కంప్యూటర్‌లో నా సంతకం నాదే. డీలరు ఫోన్‌లో మాత్రం ఇంకొకరి భార్యది. నాకు మతి పోయిందేమో అనిపించింది. హైదరాబాద్ హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసే అతనికి ఫోన్ చేశాను.

"అవును మేడం, కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాం కదా," అన్నాడు హుషారుగా. "ఇకమీదట అందరి సంతకాలూ ఒకేలా ఉంటాయి. మీరు పంపిన మెయిలు క్లౌడ్ మీదుగా పోతుంది, అక్కడే మీరు రాసుకున్న సంతకం పోయి కొత్తది అతుక్కుంటుంది. మీరేమీ చేయనక్కర్లేదు."

"నాకెందుకు కనిపించడం లేదు?"

"మీరు పంపాకే కదా అతుక్కునేది. మీకు ఇబ్బంది లేకుండా అన్నమాట."

"నా పేరు తప్పుగా పోతోంది. తీసేయండి."

"పేర్లు నేను పెట్టను మేడం. హెచ్ఆర్ వాళ్ళ దగ్గర ఉన్నవే వస్తాయి. వాళ్ళను అడగండి."

హెచ్ఆర్‌లో ఒకామె ఎత్తింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి నేను చేరినప్పటి వివరాలు ఎక్కాయట. జీతాల లెక్క వేరే చోట ఉంటుందట, అప్పుడిచ్చిన తీర్పు కాపీ దొరకడం లేదట. "డివోర్స్ కాపీ మళ్ళీ పంపండి, చూస్తాం," అంది. ఆ కాపీలో నా పెళ్ళి ఎందుకు నిలవలేదో పేరాలు పేరాలుగా ఉంటుంది. ఎవరు ఎవరి మీద చెయ్యి ఎత్తారో ఉంటుంది. ఒకసారి ఇచ్చినప్పుడే, ఎన్ని చేతులు మారి ఎవరెవరు చదువుకున్నారో అని కుమిలిపోయాను. పోగొట్టింది వాళ్ళు, మళ్ళీ విప్పి చూపించాల్సింది నేను. అయినా పంపాను. పంపి, జవాబు కోసం చూస్తూ కూర్చున్నాను. రాలేదు. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. ఆ లోపల కూడా రోజూ నా మెయిళ్ళు వెళ్తూనే ఉన్నాయి, నా చేత్తోనే.

ఆ వారం వనపర్తి వెళ్ళాను. అక్కడి డీలరు పెద్దాయన. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పైపుల సైజులు నేర్పింది ఆయనే, మొదటి నుంచీ నన్ను బేటీ అనే పిలుస్తాడు. ముచ్చటంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను ముందే చూసిన బేటీ. అడగాల్నో వద్దో తెల్వక ఊకున్న. నీ ఇంటి ముచ్చట నేనెట్ల అడుగుత? కానీ ఇంకో మాట చెప్పాలె. కోపం చేయకు."

"చెప్పండి చాచా."

"నాగర్‌కర్నూల్‌ల మోటర్ల దుకాణం ఉంది చూడు, నీ బావ, అదే ఆ సారు వాళ్ళ అన్న... ఆయన కాడికి మన డీలర్లు పోతరు గద. ఎవరో నీ మెయిలు ఆయనకు పంపిన్రట, అందరికీ చూపిస్తుండట. విడిచిపెట్టి పోయిందన్నరు గద, సూడున్రి, ఇంకా మా ఇంటిపేరే రాసుకుంటున్నది అని."

నా ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా గొంతు గుమ్మం దాటలేదు. బయటికొచ్చి, ఒంటరిగా గది అద్దెకు దొరకక తిరిగి, ఎండలో పొలాలు పట్టుకు తిరిగి, మూడు ఊళ్ళలో నలుగురు నన్ను నా పేరుతో పిలిచేలా చేసుకున్నాను. ఎక్కడో కూర్చుని ఎవరో ఒక బటన్ నొక్కితే నేను మళ్ళీ ఆ ఇంటి మనిషినయ్యాను. అదీ నాతో చెప్పకుండా, నాకు కనబడకుండా.

మర్నాటి నుంచి ప్రతి మెయిలు చివరా ఒక మాట రాయడం మొదలుపెట్టాను: 'దీని కింద మీకు కనిపించే ఇంటిపేరు నాది కాదు. నేను పెట్టలేదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ పెడుతోంది. తీయమని అడిగినా తీయలేదు.' డీలర్లకు, హెడ్డాఫీసుకు, మా మేనేజరుకు, అందరికీ అదే.

మేనేజరు గద్వాల్‌కే వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి మాట్లాడాడు.

"ఏందమ్మా ఇది? డీలర్ల ముందర కంపెనీ ఇజ్జత్ తీస్తున్నవ్."

"నా ఇజ్జత్ తీసినప్పుడు కంపెనీకి యాదికి రాలేదా సార్?"

"ఒక్క పేరు కోసం ఇంత రచ్చనా? జర ఓపిక పట్టు. అందరికీ ఒకే తీరుగ ఉండాల్నని పెట్టిన్రు, నీ ఒక్కదాని మీద కోపంతోని కాదు."

"మీ మెయిలు కింద వేరే ఇంటోళ్ళ పేరొస్తే మీరు ఓపిక పడ్తరా?"

ఆయన లేచి తలుపు తీశాడు. ఆ వాక్యం ఆపకపోతే పైనుంచి నోటీసు వస్తుందని మాత్రం చెప్పి వెళ్ళాడు. నేను ఆపలేదు. భయం వేయలేదని కాదు. ఆ ఉద్యోగం పోతే అమ్మా నేనూ ఏం చేయాలో నాకు తెలియదు. కానీ 'పంపు' నొక్కిన ప్రతిసారీ ఆ పేరు ఊరంతా తిరుగుతోందని తెలిసీ నోరు మూసుకుని ఉండడం ఇక నా వల్ల కాలేదు.

నోటీసు రాకముందే వనపర్తి పెద్దాయన నుంచి మెయిలు వచ్చింది. నాకు ఒక్కదానికే కాదు, హెడ్డాఫీసు పెద్దలకూ డీలర్లందరికీ కలిపి. తెలుగులోనే రాయించాడు. 'ఈ ఇంటిపేరు గల మేడం మాకు తెల్వదు. మాతోని పని చేసే మేడం వేరే. ఆమె పేరుతోని మెయిలు వచ్చినంక ఆర్డరు పెడ్తం.' సాయంత్రానికి బల్మూర్ డీలరు 'మాది కూడ అదే మాట' అని జత చేశాడు. మల్దకల్ ఆయన ఏమీ రాయలేదు గానీ, ఫోన్ చేసి "తెల్వక అన్న మేడం, ఏమనుకోకున్రి" అన్నాడు.

రెండో రోజుకల్లా పేరు మారింది. నేను అన్నాళ్ళు బతిమాలినా కదలనిది, ఆర్డరు ఆగుతుందనగానే కదిలింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పెద్దాయనకు ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాను. "ఊకో బేటీ, నీ పేరు నీకొచ్చింది. గంతే గద," అన్నాడు.

హెడ్డాఫీసు నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. పొరపాటైందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. సాఫ్ట్‌వేర్ నుంచే ఒక మెయిలు వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? దాన్ని మూసేశాను.

పాత మెయిళ్ళు మాత్రం ఎవరి ఫోన్లలో వాళ్ళకు అలాగే ఉన్నాయి. వాటిని వెనక్కి తెప్పించే దారి లేదట. మోటర్ల దుకాణంలో ఆయన ఇప్పటికీ చూపిస్తున్నాడేమో నాకు తెలియదు. నేను మాత్రం సోమవారం పొద్దున ఆఫీసుకు రాగానే నా సొంత మెయిలుకు ఒక ఖాళీ మెయిలు పంపుకుంటాను. ఫోన్‌లో తెరిచి, కింద ఏ పేరుందో చూసుకుంటాను. ఆ తర్వాతే పని మొదలుపెడతాను. నా పేరు నాదేనా అని నేనే వారం వారం తనిఖీ చేసుకోవలసి రావడం తలుచుకుంటే ఇప్పటికీ కోపం ఆగదు.