చంటిపిల్లల టీకా కార్డు

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే బస్సులో మా సీటు మీద ఇద్దరు మనుషులం, ఒక ఫైలు, ఒక టీకా కార్డు. ఫైలు మా అన్నయ్యది. తగ్గిందనుకున్న బ్లడ్ క్యాన్సర్ తిరగబెట్టింది. వారంలో నా మూలకణాలు తీసి అతనికి ఎక్కించాలి. కార్డు పక్కనున్న మీసాలాయన చేతిలో ఉంది.

"మీ బాబుదాండీ?" అన్నాను.

"నాదేనండి! క్యాన్సర్ తిరగబెడితే మా చెల్లి కణాలు ఎక్కించారు. చిన్నప్పటి టీకాల బలమంతా పోయిందంట, మళ్లీ మొదట్నుంచీ వేస్తన్నారు. చంటిపిల్లల లైన్లో నేనొక్కణ్ణే ఏడవలేదని నర్సమ్మ ఒకటే నవ్వు."

అన్నయ్య సంగతి చెప్పాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి సూది గుర్తు చూపించాడు.

"అయితే మీ అన్నయ్య కూడా వస్తాడండి, ఈ లైన్లోకి."

ఇది పోయినేడాది మాట. నిన్నటికి అన్నయ్య కార్డులో టిక్కులు నాలుగు.