దర్జీ ఎడమకాలు

చీలమండ, మడమ ఎముకలు కలిపి అతికించే ఆపరేషన్ అయ్యాక దర్జీ కుడికాలు దిండ్ల మీద పెట్టుకుని, మంచంలోంచే భార్య తొక్కే మిషను చప్పుడుకు వంకలు పెట్టేవాడు. చక్రం వెనక్కి తిరిగి దారం తెగినప్పుడల్లా చంకకర్రతో గోడను పొడిచి, "కాలు నీ మాట వినదా ఏంటే?" అని విసుక్కునేవాడు. ఆమె పళ్ళు బిగబట్టి మళ్ళీ దారం ఎక్కించేది. కట్టు విప్పగానే ఆయన ఎవరి మాటా వినకుండా మిషను ముందు కూర్చున్నాడు. డాక్టరు ముందే చెప్పినట్టు ఆ పాదం ఇక వంగదు. ఇన్నేళ్ళూ ఇల్లు గడిచింది దాని మీదే. ఎడమకాలితో తొక్కాడు. చక్రం వెనక్కి తిరిగి, దారం పుటుక్కున తెగింది. మళ్ళీ తొక్కితే మళ్ళీ తెగింది. "కాలు మీ మాట వినట్లేదా ఏంటి?" అంది భార్య. ఆమె విసురుగా పక్కకొచ్చి, దారం ఎక్కించి, చక్రం మీద చెయ్యి వేసి ముందుకు తిప్పింది. "ఊఁ, ఇప్పుడు తొక్కండి."