జీడిపిక్కల్లో రెండో మూపురం

పలాసలో నేను పాఠాలు చెప్పే కాలేజీ కిటికీ తెరిస్తే చాలు, జీడిపిక్కలు కాల్చే ఘాటు పొగ లోపలికొచ్చి గొంతు పట్టుకుంటుంది. పిల్లలు ముక్కు మూసుకుంటారు. నేను మూసుకోను. ఆ పొగకి నాకు నాన్న గుర్తొస్తాడు, వెంటనే జీడిపిక్కల షావుకారూ గుర్తొస్తాడు, పాత కోపం మళ్ళీ రాజుకుంటుంది. దాన్ని ఆరనివ్వడం నాకిష్టం లేదు.

వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్లో ఎండాకాలమంటే వేళ్లకంటిన పనస జిగురు, చెట్ల కింద రాలిన జీడిమామిడి పళ్ళ పులిసిన వాసన, ఒంటికి ఉప్పు పూసి పోయే సముద్రపు గాలి, అమ్మవారి పండక్కి వండిన పొంగడాలు, అరుగు మీద అడ్డచుట్ట నిప్పు నోట్లోనే పెట్టుకుని మమ్మల్ని తిట్టే నాన్నమ్మ. నాకూ తమ్ముడికీ జీడిపిక్కలాటే లోకం. గీత మీద పేర్చిన పిక్కల్ని దూరం నుంచి పెద్ద పిక్కతో కొట్టాలి. కొట్టే పిక్క దొరకాలంటే ముందు ఏరాలి కదా, అందుకని ఇసుకలో చిన్నవన్నీ ఒక వరస, కాస్త పెద్దవి పక్క వరస, అలా చివరి దాకా పేర్చేవాళ్లం. మా తోట పిక్కలు ఏ ఏడాది పేర్చినా ఒకటే రూపం: రెండు చివరలా పొట్టి వరసలు, నడుమ ఎద్దు మూపురంలా పొడుగు వరసలు.

ఒక వేసవిలో నాన్న మా పిక్కల బస్తాలు అమ్మడానికి పలాస తీసుకెళ్లాడు. తూకం పొద్దున్నే వేస్తామంటే షావుకారు గొడౌన్లోనే దింపి వచ్చాడు. తెల్లారి వెళ్లేసరికి షావుకారు నలుగురి ముందూ ఒక బస్తా కుమ్మరించి, "తాలు పిక్కలు కలిపి తెచ్చినావేటి అప్పన్నా, దొంగనాయాలా!" అన్నాడట. ఆ మాట బజారంతా పాకింది. వెనక్కి తెచ్చిన బస్తాలు వాకిట్లో దింపి, నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు.

మేం వాటిలోంచి దోసిళ్లతో తీసి ఎప్పటిలాగే పేర్చాం. రెండు మూపురాలు లేచాయి. ఒకటి మా తోటదే, బాగా కుంగిపోయి ఉంది. రెండోది చిన్న పిక్కల వైపు. మధ్యలో ఖాళీ ఇసుక. అన్నీ మా చెట్లకి కాసినవే అయితే ఆ ఖాళీ ఎందుకుంటుంది? గొడౌన్లో మా మంచి పిక్కలు తీసేసి, ఇంకో తోటవి, పప్పు నిండని చిన్న తాలు పిక్కలు పోశారు.

నాన్నని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. చాలాసేపు చూశాడు. "పిల్లలాట సూపిత్తే ఎవులు నమ్ముతారే అమ్మీ?" అని కాలితో వరసలన్నీ చెరిపేశాడు. మళ్ళీ పలాస బజారులో అడుగు పెట్టలేదు. దొంగ అన్న పేరు మోసుకునే పోయాడు.

అందరూ ఇష్టంతో చదువుకుంటారు, నేను స్టాటిస్టిక్స్ కక్షతో చదివాను. ఏటా మా ఇసుక వరసల్లాంటి హిస్టోగ్రాముల పాఠంలో, సమంగా కూర్చున్న ఆకారం, ఒక పక్కకి తోక సాగిన ఆకారం చెప్పాక, చివర్లో రెండు బొమ్మలు వేస్తాను. పిక్కలు తోటలో ఉన్నప్పుడు ఒక మూపురం, గొడౌన్లో ఒక రాత్రి గడిపాక రెండు. సగటు చూసి ఊరుకోకండి, ఆకారం చూడండి, తాలు ఎక్కడ కలిసిందో చెప్పండి అంటాను.

మా తోట తుఫానుకి పడిపోయింది. జీడిపిక్కలాట ఆడే పిల్లలూ లేరు. షావుకారు మాత్రం ఉన్నాడు, ముసలితనంలోనూ కొట్టు వదల్లేదు. ఈ ఏడాది అతని మనవరాలు నా క్లాసులో ముందు బెంచీలో కూర్చుంటోంది. బొమ్మలు చూడగానే లేచింది.

"తోటలో కాదు మేడమ్, గొడౌన్లోనే ఎవులో కలిపేసినారు."

ఇన్నేళ్లూ నేను ఎదురుచూసింది ఆ ఇంటి నోటి నుంచి ఆ మాట కోసమే. అప్పటిదాకా పుస్తకాల తెలుగు మాట్లాడుతున్న దాన్ని, మా ఊరి మాటలోకి దిగిపోయాను.

"బాగా సెప్పినావమ్మా. ఈ బొమ్మ ఇంటికి పట్టుకెళ్లి మీ తాతకి సూపించు. ఎవులేసినారని అడిగితే, అప్పన్న కూతురని సెప్పు."