సాయంత్రానికి అందరూ పైకి

దగ్గరికి జరగండి, ఇంకొంచెం. గోడకు ఆనుకుంటే వీపుకు సున్నం అంటుతుంది, ఈ చాప మీదికి వచ్చి కూర్చోండి. ఈ కథ నవ్వకుండా చెప్పడం నాకు చేతకాదు. మధ్యలో ఆగిపోతే కాసేపు ఓర్చుకోండి.

కోలారు బంగారు గనులు మూతపడి చాలా ఏళ్ళయ్యాక, రాబర్ట్‌సన్‌పేటలో ఒక చెప్పుల అంగడి మీది అంతస్తులో మా కుట్టు యూనిట్ ఉండేది. ఏడు మిషన్లు, వాటి మీద ఏడుగురు ఆడవాళ్ళు, ఎనిమిదోదాన్ని నేను. గుడ్డ కత్తిరించడం, గుండీలు చూడడం నా పని. యూనిట్ నడిపేది మేమంతా అక్కా అని పిలిచే మనిషి. ఏ కట్ట ఎవరి మిషన్ మీద ఉంది, దేనికి కాలరు పడలేదు, దేనికి కాజాలు కావాలి, అదంతా నా తలలో ఉండేది. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, రాసిపెట్టుకునే అలవాటు లేదు. అక్క ఏదడిగినా అక్కడికక్కడే చెప్పేసేదాన్ని.

అప్పుడు వేమగల్ ఫ్యాక్టరీ ఒకటి తమ పనివాళ్ళకు మూడు వందల నీలం చొక్కాలు కుట్టమంది. పై వారం శనివారం లోపల ఇస్తే ఏటా పని మాకే. ఇవ్వలేకపోతే యూనిట్‌కు తాళం వేసి మిషన్లు తీసేస్తానని అక్క తేల్చి చెప్పింది. చేతిలో వేరే పని లేదు మరి. చెప్పిన మర్నాడే పలకలాంటి పెద్ద ఫోను ఒకటి తెచ్చి గోడకు తగిలించింది.

"నీకు ఒక్కనాడు జరమొస్తే యూనిట్టంతా పడకేస్తాది. నీ తలకాయలో ఉండేదంతా ఇంగ దీంట్లోకి రావల్ల" అంది నాతో.

పనిని చూసుకునే సాఫ్ట్‌వేర్లు మూడు అందులో వేసుకొచ్చింది. మీకు ఏది నచ్చితే అదే అంది. చీరల అంగడిలో కూడా మమ్మల్ని అలా ఎవరూ అడగలేదు. మిషన్లు ఆపేసి అందరం పలక చుట్టూ చేరాం. మొదటిదాంట్లో ఎర్రవి, పచ్చవి పట్టీలు అడ్డంగా పోతున్నాయి, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియలేదు. రెండోది అరగంటకొకసారి గంట కొట్టి, ఇప్పుడేం చేస్తున్నావని అడుగుతుంది. కిటికీ దగ్గర మిషన్ మీద కూర్చునే పిల్లకు కొత్తగా పెళ్ళయింది. "ఏంది అక్కా, మా అత్తను పలకలో పెట్టుకొచ్చినావా?" అనేసింది. రెండోదాని పని అక్కడితో సరి.

మూడోదాంట్లో పనులు చీటీల్లాగా వరుసగా ఉన్నాయి. వేలితో తోస్తే ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి పోతాయి. అయిపోయిన పనుల వరుసలోకి చీటీ పోగానే పలక మీద రంగురంగుల పూలు రాలాయి. అంతే, ఇంకేమీ చూడలేదు మేము. కుట్టని చొక్కాల చీటీలన్నీ తోసి పూలు రాల్చుకుంటుంటే అక్క పలక లాక్కుంది.

పది చొక్కాలకు ఒక కట్ట, కట్టకు ఒక చీటీ. మొత్తం ముప్పై చీటీలు. ఏ కట్ట ఎవరు కుడుతుంటే ఆ చీటీ మీద వాళ్ళ ముఖం గుండ్రంగా, బిళ్ళంత కనిపిస్తుంది. వరుసల పేర్లు ఇంగ్లీషులో ఉంటే మాకెవరికి అర్థమవుతుంది? మా భాషలో పెడతాను, చెప్పండి అంది అక్క. మాలో పెద్దది ఆంటీ. ఆమె భర్త గనిలో బిళ్ళల కిటికీ దగ్గర పనిచేశాడు. కిందికి దిగే ప్రతి మనిషీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగాలి, ఎక్కి వచ్చాక తిరిగి ఇచ్చేయాలి. కొక్కేనికి బిళ్ళ లేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఆంటీ ఆలోచించకుండా చెప్పింది: "పైన ఉండేవి, లోపల ఉండేవి, ఎక్కొచ్చినవి. ఇంగేం కావల్ల?" అందరికీ ఒక్కసారికే తలకెక్కింది. అక్క అవే పేర్లు పెట్టింది.

తరవాత వారం కూతురికి కాన్పయిందని అక్క ముళబాగిలు పోయింది. అక్కడినుంచే తన ఫోన్లో మా పలక చూసుకునేది. ఎవరు కొత్త కట్ట అందుకుంటే వాళ్ళు దాని చీటీని లోపలికి దించేవాళ్ళు. సాయంత్రం సంచులు సర్దుకునే వేళకు ఆంటీ పలక ముందుకు పోయి, లోపల ఉన్న ముఖాలన్నిటినీ ఒక్కొక్కటిగా తోసి పైకెక్కించేది. కట్ట అయిందా కాలేదా అని ఆమె అడిగేది కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు. పూలు రాలేవి, మేము చప్పట్లు కొట్టేవాళ్ళం. నేనూ కొట్టినదాన్నే. మర్నాడు ఎవరి మిషన్ మీది కట్ట వాళ్ళు కుట్టుకుంటూ పోయారు. మిషన్ మీద కట్ట కనబడుతుంటే పలక చూసేదెవరు?

శుక్రవారం పొద్దున అక్క ఫోన్ చేసింది. గొంతులో పండగ.

"ఫ్యాక్టరీ సారును ఈ పొద్దే వచ్చి చొక్కాలు తీసుకొని పొమ్మన్నాను. బండేసుకొని బయల్దేరినాడు."

"ఏ చొక్కాలక్కా?"

"ముప్పై కట్టలూ. నిన్న పొద్దు మునిగేటప్పుడు పూలు రాలినాయి కదా."

కత్తెర పక్కన పెట్టి లెక్క చూశాను. ఇరవై మూడు కట్టలు మడత పెట్టి ఉన్నాయి, మిగతా ఏడు ఇంకా మిషన్ల మీదే, డెబ్బై చొక్కాలు. ఏదీ పూర్తి కాలేదు. తిరిగి చూస్తే ఆంటీ ముఖం తెల్లబోయింది.

"నేనే అమ్మా ఎక్కించినాను. ఆఖరు బిళ్ళ కొక్కేనికి తగిలేదాకా మా ఆయన ఇంటికొచ్చిన మనిషి కాదు. ఏడు ముఖాలు లోపల పెట్టి నేనెట్ల ఇంటికి పోయేది?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆంటీ పక్కమిషన్ ఆమెకు ముందు నవ్వొచ్చింది, ఆ తరవాత అందరికీ వచ్చింది. అది కాస్త దిగాక నేను పలక వైపు చూడకుండా నిలబడి, ఒక్కొక్కరి కట్టలో ఏం మిగిలిందో చెప్పుకుంటూ పోయాను. నీకు కాలర్లు ఆరు. నీకు కాజాలు మాత్రమే. నీదానికి చేతులు పడలేదు, ఇటివ్వు, నేను జోడించిస్తాను. ఏడు మిషన్లూ ఒక్కసారిగా లేచిన మోతకు కింద చెప్పుల అంగడాయన పైకొచ్చి చూసి పోయాడు.

సారు వచ్చేటప్పటికి మెట్ల మీద కూడా దారాలే. కోలారు మనిషి, ముఖం చూస్తే కోపిష్ఠిలా ఉన్నాడు. ఆంటీ ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. తనే ఎదురెళ్ళి బిళ్ళల కిటికీ, తన భర్త, పలక, ముఖాలు, అంతా చెప్పేసింది. తప్పు నాది, యూనిట్‌ది కాదు అంది. ఆయన విని, పలక ముందుకు పోయి, చీటీలను ఒక్కొక్కటిగా చూశాడు. మేమందరం మిషన్ల మీదనుంచి కాలు తీసేశాం.

"అయితే ఇంగ ఎంతమంది లోపల ఉండారు?"

"ఏడు మంది సార్" అంది ఆంటీ.

"గడువు రేపు కదా. ఎక్కిరానీ. నేనీడనే కూచుంటాను."

ఆంటీ ఏడు చీటీలనూ మళ్ళీ లోపలికి దించింది, ఈసారి నిజంగా. ఒక్కో కట్ట నా చేతికొచ్చి, గుండీలు చూసి మడత పెట్టాక ఒక్కో ముఖం ఎక్కింది, పూలు రాలాయి. మూడోసారికి సారు కూడా చప్పట్లు కొట్టాడు. ఆరో చీటీ తానే తోస్తానని పోయి, వేలు జారి, అప్పటికే ఎక్కిన కొత్తపెళ్ళి పిల్లను మళ్ళీ లోపలికి తోసేశాడు. "ఇప్పుడే కదా సార్ ఎక్కినాను" అని ఆ పిల్ల. నాలుగు గంటలకు బండి నిండింది. పై ఏటి పని కూడా మాకేనని ఆయన మెట్లు దిగుతూనే చెప్పేసిపోయాడు.

అక్క ముళబాగిలు బస్సు దిగి పరుగున వచ్చేటప్పటికి గదిలో దారాలు, నవ్వులు తప్ప ఏమీ మిగల్లేదు. కథంతా విని, తలపట్టుకుని, పలకలో నాలుగో వరుస ఒకటి చేర్చింది. పేరు ఆంటీయే పెట్టింది: "రేపు మళ్ళీ దిగేవి". పని తెగకపోయినా ముఖాలు సాయంత్రానికి ఆ వరుసలోకి ఎక్కొచ్చేవి. ఆ వరుసకు పూలు రాలవు. అయినా ఆంటీ రోజూ చప్పట్లు కొట్టి, ఆ తరవాతే సంచి భుజానికేసుకునేది.

పోయిరండి మరి. మీ ఇంట్లోంచి పొద్దున ఎంతమంది ఏ పనికి దిగినా, సాయంత్రానికి అందరూ పైకెక్కి రావాలి. పని మిగిలితే మిగలనీ, మనిషి మిగిలిపోకూడదు. మీ గడపలో రోజూ పూలు రాలాలి.