అమ్మ చేతికి తెలిసిన గడ్డ

పోయిన వారం బీకాం పాసయ్యాను. ఫస్ట్ క్లాస్. మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. ఆ సంగతి చెప్పకుండా జబ్బు సంగతి మొదలుపెట్టలేకపోయాను.

రెండేళ్ళ కిందట కాలేజీ హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన ఒక ఆదివారం, సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో, కల్లంలో అమ్మ పక్కన కూర్చుని మిరపకాయల్లో తెల్లబోయిన తాలుకాయలు ఏరుతున్నాను. ఎడమ రొమ్ము కింద పోటు వచ్చింది. చెయ్యి పెడితే నిమ్మకాయంత గడ్డ.

ఇంటికెళ్ళాక అమ్మ ఆముదం రాసి నొక్కి చూసింది. "రొమ్ము కదుల్తుందే, ఇది కదలట్లా. ఎముకని కరుచుకునుంది" అంది. కంటితో చూడకుండానే తాలుకాయని పట్టేసే వేళ్ళు అమ్మవి. "ఎవరన్నా అడిగితే కడుపునొప్పని చెప్పు. పెళ్ళి కావాల్సినదానివి."

గుంటూరు ఆసుపత్రికి నాన్న కూడా వచ్చాడు. నేను చున్నీ వదలకపోతే డాక్టరు గారు పైపైన చూసి "బ్రెస్ట్ లంప్" అన్నారు. రెండుసార్లు సూదితో గడ్డలోంచి కాస్త తీసి ఎఫ్.ఎన్.ఎ.సి. పరీక్ష చేశారు, ఏమీ తేలలేదు. "ఆపరేషన్ చేద్దాం. తేడాగా ఉంటే బ్రెస్ట్ మొత్తం తీయాల్సి రావచ్చు" అన్నారు. నాన్న నేలకేసి చూస్తున్నాడు. గడ్డ ఎముకని కరుచుకునుందన్న మాట అమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

వార్డులో ఆడవాళ్ళు ఒకరి కుట్లు ఒకరికి చూపించుకుని నవ్వుకునేవాళ్ళు. నన్నడిగితే కడుపునొప్పనేదాన్ని.

"కడుపునొప్పికి వారం రోజులా?" అని పక్కమంచం ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ రాలేదు. రొమ్ము పోతుందేమోనన్న మాట నాలో నేనే అనుకుంటూ పడుకునేదాన్ని.

ఆపరేషన్ ముందురోజు కేస్ షీట్ రాయడానికి ఒక లేడీ డాక్టరు వచ్చారు. నాన్న టిఫిన్‌కి వెళ్ళాడు. "మేడమ్, గడ్డ ఎముకని కరుచుకునుందంటుందండి మా అమ్మ" అన్నాను.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నాన్న పక్కనే ఉన్నాడండి."

ఆవిడ చున్నీ తీయించి, చెయ్యి పైకెత్తమని, గడ్డని నాలుగు వైపులా నొక్కి చూశారు. ఆపరేషన్ ఆపించారు. ఎక్స్‌రే, సీటీ స్కాన్, తర్వాత బయాప్సీ. "రిబ్‌లో పుట్టిన ట్యూమర్ ఇది. కాండ్రోసార్కోమా అనే ఎముక కాన్సర్, లో గ్రేడ్, అంటే మెల్లగా పెరిగే రకం. చాలా అరుదు. బ్రెస్ట్‌కి ఏమీ లేదు" అన్నారు.

రెండు పక్కటెముకలు కొంతమేర తీసి ఆ ఖాళీలో వల లాంటి మెష్ వేశారు. ఇంటికొచ్చిన పది రోజులకి ఊపిరి ఆడలేదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని మళ్ళీ పక్కలో ట్యూబ్ వేశారు. ఆ ఏడు పరీక్షలు పోయాయి. మరుసటి ఏడు రాశాను.

ఇప్పుడు ఆరు నెలలకోసారి స్కాన్‌కి వెళ్తున్నాను. గట్టిగా దగ్గితే కుట్లు వేసినచోట లాగుతుంది. కల్లంలో ఎవరడిగినా జబ్బు పేరే చెప్తున్నాను.

నేను చెప్పేది ఒకటే. గడ్డ గురించి మీ చేతికి తెలిసిందంతా డాక్టరుకి చెప్పండి. మగవాళ్ళ ముందు సిగ్గయితే వాళ్ళని కాసేపు బయట ఉండమనండి. అడిగితే మా నాన్న బయట ఉండేవాడే. మేమే అడగలేదు.